ఉచ్చు నాదే

ఆ ఏడు తంగె సియా అడవిలో ఓక్ చెట్లు కాయలేదు. వసంతంలో పూత మీద మంచు పడింది. ఆ తర్వాత ఎండాకాలమంతా చినుకు రాలలేదు. మామూలుగా శరత్తు వచ్చేసరికి చెట్టు కింద అడుగు వేస్తే చాలు, కాయలు పటపటమంటాయి. ఆ ఏడు ఎండుటాకులు తప్ప మరేమీ లేవు. ఉడుతలు పగలంతా కొమ్మ మీంచి కొమ్మకు ఊరికే తిరిగాయి. అడవిపందులు కిందికి దిగి చాల్‌మూర్ ఊరి బంగాళాదుంప మళ్ళు కుళ్ళగించాయి. ఎలుగుబంటి వచ్చి కిష్వర్ తేనెపెట్టెల మీద పడింది.

కిష్వర్‌కి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషే గాని గట్టి మనిషి. మేకల మందలు తోలుకుని ఏటా కొండలు దాటే బతుకు మానేసి ఊళ్ళో ఇల్లు కట్టుకున్న ఏడు, ఆమె భర్త ఖానలీ నాలుగు తేనెపెట్టెలు తెచ్చాడు. ఖానలీ పోయి తొమ్మిదేళ్ళయింది. పెట్టెలు ఇప్పుడు నలభై మూడు. ఓక్ ఆకుల మీద ఊరే తీపి జిగురును తేనెటీగలు పోగుచేస్తే నల్లటి, చిక్కటి తేనె దిగుతుంది. దాని కోసం కిష్వర్ ఏటా ఎండలు ముదరగానే పెట్టెలను రక్షిత అడవి లోపల, బండరాళ్ళ నడుమ ఉన్న ఒక బయలుకు ఎక్కిస్తుంది. మొదటి మంచు పడకముందే దింపుతుంది. అక్కడ ఉండడానికి అటవీ శాఖవాళ్ళు ఒక పర్మిట్ కాగితం ఇస్తారు. మంట వదలకూడదు, కుక్కను వదలకూడదు, కొమ్మ విరవకూడదు, విషం పెట్టకూడదు, ఉచ్చు వేయకూడదు. ఆమెకి చదువు రాదు. మొదటి ఏడు ఒకరు చదివి వినిపించారు, అప్పటినుంచీ ప్రతి ముక్కా నోటికి వచ్చు.

ఎలుగుబంటి మొదటిసారి మూడు పెట్టెలు పగలగొట్టింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి నాలుగు పగలగొట్టింది. కిష్వర్ రెండు గంటలు నడిచి అడవి చౌకీకి వెళ్ళింది. అక్కడ ఉండే అటవీ రక్షకుడు రొహామ్ పరాయివాడు కాదు, ఖానలీ అక్క కొడుకు.

"అల్లుడూ, మీ ఎలుగుబంటి నా పెట్టెలు ఏడు తినేసింది," అంది కూర్చుంటూనే.

"మా ఎలుగుబంటి అంటావేంటి అత్తా? నేనేమన్నా పెంచుకుంటున్నానా?"

"దాన్ని ముట్టుకుంటే జైలు అనేది నువ్వు. నేను ముట్టుకోకూడనిది నీదవుతుంది గాని నాదెలా అవుతుంది?"

రొహామ్ నవ్వి టీ పోసి, చక్కెర గడ్డల గిన్నె ఆమె ముందుకు జరిపాడు. "బ్యాటరీ కంచె అడిగానత్తా. తీగకి ముక్కు తగిలిందంటే మళ్ళీ ఆ దిక్కుకే రాదు. పైకి రెండుసార్లు రాశాను."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది."

"నేను పోయాకా, ఎలుగుబంటి పోయాకా?"

"ముందు టీ తాగు. కంచె వచ్చేదాకా డబ్బాలు కొట్టు, మంట వెయ్యి. చుట్టూ రాళ్ళు పేర్చి వెయ్యి మరి, నా ఉద్యోగం ఊడగొట్టకు."

కిష్వర్ నాలుగు రాత్రులు కూర్చుని నూనె డబ్బాలు వాయించింది. ఐదో రాత్రి కన్నంటుకుంది. పొద్దున్న లేచి చూస్తే ఇంకో నాలుగు పెట్టెలు బోర్లా పడి ఉన్నాయి. చట్రాలు ముక్కలై ఉన్నాయి. మైనం మీద పళ్ళ గాట్లు ఉన్నాయి. తొక్కుడు పడి చచ్చిన ఈగల్ని ఆమె చేటతో ఎత్తింది.

ఆ మధ్యాహ్నం ఖానలీ తమ్ముడు షామొరాద్ గాడిద మీద రొట్టెలూ పెరుగూ పట్టుకుని పైకి వచ్చాడు. విరిగిన పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి నాలుక చప్పరించాడు.

"వదినా, నా మాట విను. ఒక పళ్ళెంలో తేనె పోసి పురుగుమందు కలిపి పెట్టు. తెల్లారేసరికి పీడ విరగడవుతుంది."

"బయట తేనె పెడితే ముందు వచ్చేది ఎలుగుబంటనుకున్నావా? నా ఈగలే. ఒక్క పూటలో మిగతా పెట్టెలు కూడా ఊడ్చిపెట్టుకుపోతాయి. నీ బుర్రకి ఆ మాత్రం తట్టలేదూ?"

"పోనీ తుపాకి తెస్తా."

"తెచ్చి? కిందటేడు పందిని కొడతానని నీ గాడిదనే కొట్టుకున్నావు."

"అది చీకట్లో జరిగింది."

"ఎలుగుబంటి మాత్రం పట్టపగలు నీకు సలాం పెట్టి వస్తుందేం?"

షామొరాద్ గొణుక్కుంటూ దిగిపోయాడు. కిష్వర్ చాలాసేపు ఏ పనీ చేయకుండా కూర్చుంది. తర్వాత గుడారం వెనక్కి వెళ్ళి గోనెసంచి విప్పింది. అందులో ఆమె తండ్రి చేసిన ఇనుప ఉచ్చు ఉంది. తండ్రి సఫర్ వాళ్ళ తెగలో కమ్మరి. తోడేళ్ళ కోసం అలాంటివి అయిదారు చేశాడు. రెండు వైపులా పళ్ళున్న దవడలు, అటొకటి ఇటొకటి మందపాటి స్ప్రింగులు, ఒక మూలన సుత్తితో కొట్టిన నెలవంక గుర్తు. ఊళ్ళో ఉంచితే ఎవరి కంటైనా పడుతుందని ఈ ఏడు తనతో తెచ్చుకుంది. తెచ్చుకున్నప్పుడే వాడాలన్న ఆలోచన ఉందో లేదో తర్వాత ఆమెకే సరిగా గుర్తు రాలేదు.

ఆమె ఉచ్చుకి మైనం రుద్దింది, మనిషి వాసన పోవడానికి. పెట్టెల వరసకి పైన, ఎలుగుబంటి దిగే దారిలో రెండు బండల సందున గుంట తవ్వి అమర్చింది. గొలుసును పెద్ద ఓక్ మొదలుకి చుట్టింది. మీద ఆకులు కప్పింది. తండ్రి పని చేస్తుండగా చూసి నేర్చుకున్న పని అది. ముప్ఫై ఏళ్ళు దాటినా చేతులు మర్చిపోలేదు.

మర్నాడు తెల్లవారాక వెళ్ళి చూసింది. ఎలుగుబంటి పడింది.

గోధుమరంగు ఆడ ఎలుగు. ఎడమ ముందరి పాదం దవడల మధ్య ఉంది. గొలుసు అందినంత మేర నేలంతా దున్నేసి ఉంది. ఓక్ మొదలు బెరడు చీలికలు చీలికలుగా వేలాడుతోంది. అరుస్తుందని, మీదికి దూకుతుందని కిష్వర్ గొడ్డలి పట్టుకుని వెళ్ళింది. అదేమీ చేయలేదు. అలసిపోయి పక్కకి ఒరిగి కూర్చుంది. ఆమెను చూసి చెవులు వెనక్కి వాల్చింది, గట్టిగా ఊపిరి వదిలింది, అంతే. అప్పుడు చెట్టు మీద కదలిక వినపడి కిష్వర్ తల ఎత్తింది. పైకొమ్మ పంగని కరుచుకుని ఒక పిల్ల ఉంది. ఆ ఏడు పుట్టినది. ఎముకల గూడులా ఉంది.

ఆమె ఒక బండ మీద కూర్చుంది. ఉచ్చులో పడ్డ తోడేలును తండ్రి ఎప్పుడూ ఎండెక్కేదాకా ఉంచేవాడు కాదు. వెళ్ళగానే పని ముగించేవాడు. ఆమె చేతిలో గొడ్డలి ఉంది గాని, అంత జంతువును గొడ్డలితో ముగించడం ఆమె వల్ల కాదు.

షామొరాద్ ఆ పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. వదిన వద్దన్నా తుపాకి తెచ్చాడు. ఎలుగుబంటిని చూసి, ఉచ్చును చూసి ఈలవేశాడు.

"నన్ను మాటలని నువ్వు చేసిన పనా ఇది! నువ్వు ఊరుకున్నావనుకున్నా."

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడేదేముంది, ఒక్క గుండు చాలు. ఇక్కడే గుంట తీసి పూడ్చేద్దాం. పిల్లని పట్నంలో ఎవరన్నా పెంచుకోడానికి తీసుకుంటారు. కొవ్వు తీసి పెడితే నీ మోకాళ్ళ నొప్పులకీ పనికొస్తుంది."

"రొహామ్‌కి తెలిస్తే?"

"ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా, నేను చెప్తానా? తెలిస్తే మాత్రం నీ పర్మిట్ చించేస్తారు, కోర్టుకీడుస్తారు. వాడు మేనల్లుడైనా సరే, యూనిఫాం వేసుకున్నాక వాడు వాళ్ళ మనిషే."

అతను చెప్పినదంతా నిజమే. కొట్టెయ్ అన్న మాట కిష్వర్ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఎలుగుబంటి మోర ఎత్తి పైకి చూసి, గొంతులో ఏదో లొటలొటమనే చప్పుడు చేసింది. పైనుంచి పిల్ల సన్నగా బదులిచ్చింది. తల్లి మళ్ళీ అదే చప్పుడు చేసింది. పిల్ల మళ్ళీ బదులిచ్చింది.

"ఆగు," అంది కిష్వర్. "నేను శిఖరం మీదికి వెళ్ళి ఫోన్ చేసొస్తా. ఈలోగా దాని మీద చెయ్యి పడిందంటే నీ తుపాకి నీ మెడకే చుడతా."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కిందనుకో."

ఫోన్ అందే చోటు అరగంట ఎక్కుడు. అక్కడ నిలబడి ఆయాసం తీర్చుకుని రొహామ్‌కి చేసింది.

"అల్లుడూ, ఉచ్చులో ఎలుగుబంటి పడింది. ఆడది. పిల్ల చెట్టు మీదుంది. పశువుల డాక్టర్ని తీసుకురా."

"ఎవరి ఉచ్చు?" అన్నాడు రొహామ్.

"నాదే."

"అత్తా, సరిగా వినపడట్లేదు."

"నాదే అంటున్నా."

"నాకు వినపడట్లేదు అంటున్నా. నువ్వు పొద్దున్నే అటువైపు వెళ్ళావు, చూశావు. ఎవరో వేటగాళ్ళు వేసి పోయారు. అర్థమైందా? నేను అలాగే రాసుకుంటా."

"ఎవరో అంటే ఎవరు?"

"ఎవరో."

"ఎవరో అని రాస్తే మీవాళ్ళ జీపు ముందు ఎవరింటి దగ్గర ఆగుతుంది? జుల్ఫలీ ఇంటి దగ్గరేగా?"

జుల్ఫలీ ఆరేళ్ళ కిందట కొండమేకను కొట్టి పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. అప్పటినుంచీ అడవిలో ఏం జరిగినా మొదట అతని తలుపే తడతారు. ఒకసారి అతను అసలు ఊళ్ళో లేని వారంలో జరిగిన పనికి కూడా రెండు రోజులు కూర్చోబెట్టారు.

"అతనికి అలవాటేలే," అన్నాడు రొహామ్, నెమ్మదిగా.

"అలవాటైతే నొప్పుండదా? పైగా దాని మీద మా నాన్న నెలవంక ఉంది. ఈ లోయలో గుడ్డివాడు కూడా తడిమి చెప్తాడు అది ఎవరి సొత్తో. నాదే అని రాసుకుని బయల్దేరు. వచ్చేప్పుడు డాక్టర్ లేకుండా రాకు."

డాక్టర్ పట్నం నుంచి రావాలి, నాలుగు గంటలు పడుతుంది అన్నాడు. దానికి నీడ ఉండేలా చూడు, దగ్గరికి పోకు, జనాన్ని రానివ్వకు అన్నాడు. కిష్వర్ ఫోన్ కొంగున కట్టుకుని దిగింది.

కిందికి వచ్చేసరికి షామొరాద్ లేడు. ఆ మనిషి తుపాకి పేల్చలేదు గాని నోరు కట్టుకోలేకపోయాడు. అతను ఊళ్ళోకి చేరిన గంటకల్లా జనం ఎక్కడం మొదలుపెట్టారు. ఇటు ఎలుగుబంటి కొత్త పని మొదలుపెట్టింది. ఉచ్చులో ఇరుక్కున్న తన పాదాన్ని తానే కొరుక్కుంటోంది. పళ్ళు ఎముకకి తగిలే చప్పుడు ఇరవై అడుగుల దూరానికి వినపడింది.

కిష్వర్‌కి ఆ చప్పుడు తెలుసు. చిన్నప్పుడు ఉచ్చులో తోడేలు కాలు మాత్రమే మిగిలి ఉండడం రెండుసార్లు చూసింది. మూడు కాళ్ళ తోడేలు ఎన్నాళ్ళు బతికిందో ఎవరికీ తెలియదు. మూడు కాళ్ళతో ఎలుగుబంటి చెట్టెక్కలేదు, నేల తవ్వలేదు, చలికాలానికి గుహ సిద్ధం చేసుకోలేదు. నాలుగు గంటలంటే డాక్టర్ వచ్చేసరికి పని అయిపోతుంది.

ఆమె గుడారం గుంజల్లో పొడుగుపాటిది పీకింది. ముందు రేకు పళ్ళెంలో నీళ్ళు పోసి గుంజతో దాని ముందుకి నెట్టింది. ఎలుగుబంటి పళ్ళెం మీద ఒక్క దెబ్బ వేసింది, నీళ్ళన్నీ పోయాయి. మళ్ళీ పోసి నెట్టింది. ఈసారి తాగింది. తాగి మళ్ళీ పాదం మీదికే వంగింది. అప్పుడు కిష్వర్ పెట్టెల దగ్గరికి వెళ్ళి, ముఖానికి గుడ్డ కట్టుకోకుండానే ఒక మూత తీసి, నిండు చట్రాన్ని పైకి లాగింది. తేనెపట్టు కోసి గుంజ చివర గుచ్చి చాపింది.

ఎలుగుబంటి వాసన చూసింది. మొదట మొహం తిప్పుకుంది. తర్వాత నాలుక చాచింది. ఆ తర్వాత రెండో పాదంతో పట్టును నేలకి అదిమి మైనంతో సహా తినసాగింది. తింటున్నంతసేపు పాదం జోలికి పోలేదు. అయిపోగానే పోయింది. కిష్వర్ ఇంకో పట్టు కోసింది.

అలా మూడు పెట్టెలు ఖాళీ అయ్యాయి. తెరిచిన తేనె చుట్టూ ఈగలు ముసిరి ఎలుగుబంటి మూతి మీద, కళ్ళ చుట్టూ వాలాయి. కిష్వర్ చేతులు ఉబ్బిపోయాయి. ఊరివాళ్ళు ఇరవైమంది దాకా వచ్చి పైగట్టున నిలబడ్డారు.

"చూడండ్రా, కిష్వర్ పెళ్ళివిందు పెడుతోంది!" అని అరిచాడొకడు.

"ఇదేదో ముందే పెట్టుంటే ఉచ్చు ఖర్చు మిగిలేదిగా!" అన్నాడింకొకడు.

"మీలో ఎవడైనా కిందికి దిగితే తేనె అయిపోయాక వాణ్ణే గుంజకి గుచ్చుతా," అంది కిష్వర్ తల తిప్పకుండా. నవ్వులు వినపడ్డాయి. ఎవరూ దిగలేదు. షామొరాద్ పెళ్ళాం తలత్ మాత్రం పక్కనుంచి చుట్టు తిరిగి వచ్చి, చట్రాలు తీసి అందించసాగింది. ఇద్దరూ మధ్యాహ్నం దాటేదాకా ఆ పని చేశారు. జాలిపడి చేసిందని తర్వాత ఊళ్ళో అనుకున్నారు. కిష్వర్ ఆ మాట ఒప్పుకోలేదు. చేతికి పని దొరికింది, చేశాను అంది.

రొహామ్ ముందు వచ్చి జనాన్ని గట్టు వెనక్కి తరిమాడు. డాక్టర్ తరానె వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, ఎక్కుడుకి మొహం ఎర్రబడింది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఎలుగుబంటి బరువు కంటితో అంచనా కట్టి, మందు నింపి, తుపాకితో సూది కొట్టింది. పావుగంటకి ఎలుగుబంటి తల నేలకి వాల్చింది. తరానె దగ్గరికి వెళ్ళి దాని కళ్ళకి గుడ్డ కట్టింది. ఉచ్చును చూసి ఆగిపోయింది.

"ఇది తెరవడం ఎవరికి వచ్చు?"

"నాకొచ్చు," అంది కిష్వర్.

రెండు స్ప్రింగులనూ ఒకేసారి అణచాలి. తండ్రి రెండు కాళ్ళతో రెంటి మీదా నిలబడేవాడు. ఆయన ఆరడుగుల మనిషి. కిష్వర్ ఎక్కి నిలబడితే స్ప్రింగులు సగమే దిగాయి. ఆమె కాళ్ళ మధ్య ఎలుగుబంటి తల ఉంది. వెచ్చటి ఊపిరి ఆమె మడమలకి తగులుతోంది. తేనె వాసన, నెత్తుటి వాసన కలిసి వస్తున్నాయి.

"అల్లుడూ, నా భుజాల మీద బరువు వెయ్యి."

"విరిగిపోతావత్తా."

"వెయ్యమంటున్నానా!"

రొహామ్ వెనకనుంచి ఆమె భుజాలు పట్టుకుని తన బరువంతా మోపాడు. స్ప్రింగులు కిర్రుమని దిగాయి. తరానె దవడలు విడదీసి పాదం బయటికి లాగింది. కిష్వర్ పక్కకి దూకగానే ఉచ్చు టప్పున మూసుకుంది. ఆ చప్పుడుకి గట్టు వెనక జనం అరిచారు, చెట్టు మీద పిల్ల అరిచింది. ఎలుగుబంటి మాత్రం కదల్లేదు.

రెండు వేళ్ళు నలిగి నల్లబడ్డాయి. వాటిని తరానె తీసేసింది. మిగతా ఎముకలు బాగానే ఉన్నాయి, నడుస్తుంది, తవ్వుతుంది కూడా అంది. "ఇంకో గంట కొరుక్కుని ఉంటే పాదమే ఉండేది కాదు. ఎవరు ఆపారు?" అని అడిగింది. రొహామ్ అత్త వైపు చూశాడు. కిష్వర్ చేతుల్లోంచి ఈగల ముళ్ళు గోటితో గీకి తీసుకుంటోంది.

అందరూ ఎదురు కొండ వాలుకి వెళ్ళి కూర్చున్నారు. సూర్యుడు శిఖరం మీద ఉండగా ఎలుగుబంటి లేచింది. రెండుసార్లు తూలి పడింది. మూడోసారి నిలబడి, పాదం నాక్కుని, పైకి చూసి ఆ లొటలొట చప్పుడు చేసింది. పిల్ల వెనక్కి వెనక్కి జారుతూ చెట్టు దిగి తల్లి పొట్ట కిందికి దూరింది. కాసేపటికి రెండూ బండల సందుల్లోంచి పైకి ఎక్కసాగాయి. తల్లి ఎడమ పాదం ఆనించీ ఆనించకుండా వేస్తోంది. వెళ్తూ వెళ్తూ పెట్టెల వరస దగ్గర ఒక్క క్షణం ఆగింది. వాలు మీద నవ్వబోయిన వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. అది ఆగిన చోటునుంచే తిరిగి అడవిలోకి పోయింది.

రొహామ్ మోకాలి మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. "ఇప్పటికైనా చెప్పత్తా, మార్చమంటే మారుస్తా," అన్నాడు, ఇంకెవరికీ వినపడకుండా.

"రాయి. నువ్వు కంచె కోసం రెండుసార్లు రాశావని కూడా రాయి."

"అది రాస్తే నాకు అక్షింతలు పడతాయి."

"నాకు పడుతున్నాయిగా. నీకూ నాలుగు పడనీ."

అతను రెండూ రాశాడు. ఇద్దరికీ పడ్డాయి.

కింద పట్నంలో కోర్టు. జడ్జి సన్నటి మనిషి, జలుబు చేసి ఉంది. ఉచ్చు బల్ల మీద పెట్టారు.

"ఉచ్చు వేయకూడదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వేశావా?"

"తెలిసే."

"ఎందుకు?"

"పెట్టెలు పోతుంటే ఏం చేయాలో తోచలేదు."

"మళ్ళీ వేస్తావా?"

కిష్వర్ ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నిజం ఏమిటో తెలియదు. "అది మీ బల్ల మీదే ఉందిగా అయ్యా," అంది. వెనక ఎవరో నవ్వారు. జడ్జి ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పాడు. తానే కబురు చేసింది గనక జైలు లేదు. జరిమానా, మూడేళ్ళు అడవి పర్మిట్ రద్దు. ఉచ్చు ప్రభుత్వపరం.

బయటికి వచ్చాక షామొరాద్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఒక్క గుండుతో పోయేదాన్ని మూడేళ్ళ తద్దినం చేసుకున్నావు," అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు వదినతో మాట్లాడలేదు. అయినా పెట్టెలు దింపే రోజు పిలవకుండానే గాడిదతో వచ్చాడు.

వసంతంలో బ్యాటరీ కంచె వచ్చింది. ఒక్క పెట్టె కూడా లేని బయలు చుట్టూ ఇద్దరు మనుషులు రెండు రోజులు కష్టపడి స్తంభాలు పాతి తీగ లాగారు. కాగితం మీద ఆ చోటే రాసి ఉందట. మార్చడానికి మళ్ళీ రాయాలన్నారు. రొహామ్ మళ్ళీ రాశాడు. ఎలుగుబంటి ఏమైందో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేదు. వాగు ఇసకలో మూడు వేళ్ళ అడుగు చూశానని షామొరాద్ అన్నాడు. షామొరాద్ చాలా చూస్తుంటాడు.

కిష్వర్ పెట్టెలను ఊరి కింద, రోడ్డు పక్క రాళ్ళ నేలలో పెట్టాలని నిశ్చయించుకుంది. అక్కడ ముళ్ళ పొదలూ కొండవాము పూలూ తప్ప ఏమీ లేవు. తేనె లేత రంగులో పలచగా వస్తుంది, నల్ల తేనె కోసం దూరం నుంచి వచ్చేవాళ్ళు వెనక్కి పోతారు. అది ఆమెకి తెలుసు. నేల చదును చేస్తుండగా జుల్ఫలీ వచ్చాడు. భుజాన మజ్జిగ తిత్తి ఉంది. జైలు నుంచి వచ్చాక ఊళ్ళో ఎవరింటికీ పెద్దగా వెళ్ళని మనిషి. దూరంగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు రానివ్వలేదట."

"ఎవరన్నారు?"

"నీ అల్లుడి నోరు నీకు తెలీదా అక్కా?"

"నీ కోసం చెయ్యలేదు."

"తెలుసు. ఊరికే తెచ్చాను, మా మేకల మజ్జిగే." తిత్తి ఒక రాయి మీద పెట్టాడు. వెళ్ళకుండా అక్కడే నిలబడి పెట్టెల వైపు చూశాడు. ట్రక్కులోంచి ఇంకా ఇరవైకి పైగా దించాల్సి ఉంది. ట్రక్కువాడు తొందరపెడుతున్నాడు.

కిష్వర్ నడుం మీద చెయ్యి వేసుకుని అతన్ని ఒకసారి ఎగాదిగా చూసింది.

"నిలబడి చూస్తావేం, ఆ చివర పట్టుకో. వంచకు. లోపల రాణి ఈగ ఉంది."